కదలని బండ, జారే బండ: స్థైతిక, గతిక ఘర్షణల కొలత – తెలుగు పదాల పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక వస్తువు మరొక వస్తువు మీద నిలిచి ఉన్నప్పుడు పనిచేసే ఘర్షణను స్థైతిక ఘర్షణ అనీ, జారుతున్నప్పుడు పనిచేసే ఘర్షణను గతిక ఘర్షణ అనీ భౌతికశాస్త్రం వ్యవహరిస్తుంది. ఈ రెండింటినీ కొలిచే ప్రయోగం పాఠశాల స్థాయి నుంచి డిగ్రీ స్థాయి వరకు పాఠ్యాంశంగా ఉన్నా, ఆ కొలతలో నిజంగా కొలుస్తున్నదేమిటి అన్న విషయంలో విద్యార్థులలో అస్పష్టత కనిపిస్తుంది. ఈ అస్పష్టతకు పారిభాషిక పదాల అర్థచ్ఛాయలు కూడా ఒక కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కర్నూలు జిల్లా కోసిగి పరిసర ప్రాంతాలలో రైతులకు సుపరిచితమైన బండలాగుడును, రాయలసీమలో సులభంగా దొరికే నాపబండను ఆధారంగా చేసుకొని ప్రయోగ విధానాన్నీ, అందులోని దోషాలనూ, పదాల పొందికనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ, ఘర్షణ గుణకం, బండలాగుడు, నాపబండ, పారిభాషిక పదజాలం, పట్టు, కోసిగి.

ఉపోద్ఘాతం:
కోసిగి కర్నూలు జిల్లా పశ్చిమ అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండల కేంద్రం. ఒకప్పటి బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో భాగమైన ఈ ప్రాంతం 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. ఆదోని నుంచి రాయచూరు వైపు వెళ్ళే రైలుమార్గం కోసిగి మీదుగానే సాగుతుంది. గ్రానైటు గుండ్లతో నిండిన గుట్టలు, వర్షాధారమైన సేద్యం, పనుల కోసం ఏటా సాగే వలస ఇక్కడి జీవితంలో భాగాలు. 2011 జనగణనలో అక్షరాస్యత అతి తక్కువగా నమోదైన మండలాలలో కోసిగి ఒకటి. తల్లిదండ్రుల వెంట సుగ్గికి వెళ్ళిన పిల్లలు బడికి దూరమయ్యే నెలల్లో ముందుగా నష్టపోయేది ప్రయోగపాఠమే. పుస్తకంలోని పాఠాన్ని తిరిగి వచ్చాక చదువుకోవచ్చు గాని, తరగతిలో ఒకసారి జరిగిపోయిన ప్రయోగం మళ్ళీ జరగదు.

అయితే ఘర్షణ పాఠానికి కావలసిన అనుభవం ఈ పిల్లలకు కొత్త కాదు. బరువైన బండను కదిలించడం కష్టమనీ, కదిలాక లాగడం కొంత సులువనీ సేద్యం ఎరిగిన ప్రతి ఇంటికీ తెలుసు. ఈ అనుభవానికీ పాఠ్యపుస్తకంలోని నిర్వచనానికీ మధ్య ఉన్న దూరం ఎంత? ఆ దూరంలో భాష వంతు ఎంత? ఈ రెండు ప్రశ్నలకు ప్రయోగం ద్వారానే సమాధానం వెతకడం సముచితం.

1. బండలాగుడు – అనుభవంలోని భేదం:
రాయలసీమలో జాతరలు, ఉరుసులు, ఉగాది వంటి సందర్భాలలో ఎద్దుల బండలాగుడు పోటీలు జరగడం పరిపాటి. కర్నూలు పశ్చిమ ప్రాంతంలో వీటిని రాతిదూలం లాగుడు పోటీలు అని కూడా అంటారు. పళ్ళను బట్టి ఎద్దులను పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు వంటి విభాగాలుగా విడదీసి, విభాగానికి తగిన బరువున్న బండను నిర్ణయిస్తారు. నిర్ణీత కాలంలో ఒక జత ఎంత దూరం లాగిందన్నదే ఫలితం. ఆ దూరాన్ని అడుగుల్లో లెక్కిస్తారు.

పోటీని గమనించినవారికి ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. కాడి బిగిసి, గొలుసు సాగి, ఎద్దులు ముందుకు వంగినా బండ కొన్ని క్షణాలపాటు కదలదు. ఆ క్షణాలలో ఎద్దుల బలం పెరుగుతూనే ఉంటుంది, బండ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఒక స్థాయి దాటగానే బండ ఒక్కసారిగా కదులుతుంది. కదిలిన తరువాత అంతటి బలం అవసరం ఉండదు. అందుకే తోలేవారు బండను మధ్యలో ఆగనివ్వకుండా నడిపించాలని చూస్తారు. ఆగిన బండను మళ్ళీ కదిలించడానికి ఎద్దులు తొలి శ్రమను తిరిగి పడాలి.

ఈ దృశ్యంలో మూడు దశలున్నాయి: బలం పెరుగుతున్నా చలనం లేని దశ, చలనం మొదలైన క్షణం, చలనం కొనసాగే దశ. భౌతికశాస్త్రంలో మొదటి దశలోని ఘర్షణ స్థైతికం, మూడవ దశలోనిది గతికం. రెండవదైన ఆ ఒక్క క్షణమే స్థైతిక ఘర్షణను కొలిచే ప్రయోగానికి ఆధారం.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తించాలి. మట్టినేల మీద లాగే బండ నేలను కొంత కోసుకుంటూ, మట్టిని ముందుకు నెడుతూ వెళుతుంది. గట్టి తలం మీద గట్టి వస్తువు జారేటప్పుడు వర్తించే సరళమైన సూత్రాలు ఇక్కడ స్థూలంగా మాత్రమే వర్తిస్తాయి. కాబట్టి బండలాగుడు భావనను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది, ఖచ్చితమైన కొలతకు మాత్రం చదునైన తలం కావాలి.

2. రెండు ఘర్షణల స్వభావం:
ఒక కిలోగ్రాము ద్రవ్యరాశి గల చెక్క దిమ్మెను సమతలమైన నాపబండ మీద ఉంచి, దానికి ఒక స్ప్రింగు త్రాసును తగిలించి నెమ్మదిగా లాగుతున్నట్లు ఊహిద్దాం. ఈ జతకు స్థైతిక ఘర్షణ గుణకం 0.51, గతిక ఘర్షణ గుణకం 0.39 అనుకొందాం. ఇవి వివరణ కోసం తీసుకొన్న విలువలు. ఏ రెండు తలాలకైనా నిజమైన విలువ ప్రయోగంలోనే తేలుతుంది.

దిమ్మె బరువు సుమారు 9.78 న్యూటన్లు. ఒక న్యూటన్ బలంతో లాగితే దిమ్మె కదలదు. అంటే ఘర్షణ కూడా సరిగ్గా ఒక న్యూటనే. మూడు న్యూటన్లతో లాగినా కదలదు, అప్పుడు ఘర్షణ మూడు న్యూటన్లు. అసలు లాగకపోతే ఘర్షణ సున్న. లాగుడు బలానికి సమానంగా, దానికి వ్యతిరేక దిశలో, అవసరమైనంత మేరకే ఏర్పడడం స్థైతిక ఘర్షణ స్వభావం. దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. ఈ ఉదాహరణలో అది 9.78 × 0.51, అంటే సుమారు 5 న్యూటన్లు. లాగుడు బలం ఆ పరిమితిని దాటగానే దిమ్మె జారడం మొదలవుతుంది, ఘర్షణ 9.78 × 0.39, అంటే సుమారు 3.8 న్యూటన్లకు పడిపోతుంది. ఆ తరువాత వేగం కొంత పెరిగినా తగ్గినా, సాధారణ ప్రయోగ పరిస్థితులలో ఈ విలువ దాదాపు మారదు.

లాగే బలాన్ని 5 న్యూటన్ల వద్దనే ఉంచితే 1.2 న్యూటన్ల బలం మిగిలిపోతుంది. ఆ మిగులే దిమ్మె వేగాన్ని సెకనుకు సెకనుకు 1.2 మీటర్ల చొప్పున పెంచుతుంది. బండ ఒక్కసారిగా కదలడంలోని ‘ఒక్కసారి’కి కారణం ఇదే.

కాబట్టి ‘ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో గుణిస్తే ఘర్షణ వస్తుంది’ అన్న వాక్యం గతిక ఘర్షణ విషయంలో సరిపోతుంది. స్థైతిక ఘర్షణ విషయంలో ఆ లబ్ధం గరిష్ఠ పరిమితిని మాత్రమే తెలుపుతుంది. నిలిచి ఉన్న ప్రతి వస్తువు మీదా అంత ఘర్షణ పనిచేస్తోందని భావించడం పొరపాటు.

3. భావన పరిణామం:
ఘర్షణ బరువుకు అనులోమంగా ఉంటుందనీ, తాకే తలం వైశాల్యం మీద ఆధారపడదనీ లియొనార్డో డా విన్సీ తన నోటుపుస్తకాలలో రాసుకొన్నా, అవి చాలాకాలం వెలుగు చూడలేదు. 1699లో గియోమ్ అమోంతోఁ పారిస్ అకాడమీకి ఇవే సూత్రాలను సమర్పించాడు. నిలిచిన వస్తువు ఘర్షణకూ కదులుతున్న వస్తువు ఘర్షణకూ ఉన్న భేదాన్ని గణితపరంగా వివరించినవాడు లియొనార్డ్ ఆయిలర్. 1750లో వెలువడిన ఆయన రచనలలో వాలుతలం కీలకమైన సాధనం. వాలును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, వస్తువు కదలడం మొదలుపెట్టిన తరువాత నెమ్మదిగా కాక గణనీయమైన వేగంతో జారుతుంది. కదిలాక ఘర్షణ తగ్గితేనే ఇది సాధ్యం.

ఫ్రెంచి సైనిక ఇంజనీరు షార్ల్ ఓగుస్తాఁ దె కూలుంబ్ రోష్‌ఫోర్ నౌకా నిర్మాణశాలలో విస్తృతమైన ప్రయోగాలు చేసి, 1781లో పారిస్ అకాడమీ బహుమతి పొందాడు. రెండు తలాలు కదలకుండా ఎంతసేపు తాకి ఉంటే స్థైతిక ఘర్షణ అంత పెరగవచ్చునన్నది ఆయన పరిశీలనలలో ముఖ్యమైనది. ఈ విషయం నేటి తరగతి ప్రయోగానికి కూడా అవసరమని ముందు చూడవచ్చు.

ఈ సూత్రాల వెనుక కారణం ఇరవయ్యవ శతాబ్దంలో స్పష్టపడింది. బౌడెన్, టేబర్ 1950లో వెలువరించిన గ్రంథం దీనికి ప్రామాణికం. కంటికి నున్నగా కనిపించే తలం కూడా సూక్ష్మస్థాయిలో గుట్టలు, లోయలతో నిండి ఉంటుంది. రెండు తలాలు కొన్ని కొనల వద్ద మాత్రమే నిజంగా తాకుతాయి. బరువు పెరిగితే ఆ కొనలు నలిగి నిజస్పర్శ వైశాల్యం పెరుగుతుంది. అందుకే ఘర్షణ బరువును అనుసరిస్తుంది, పైకి కనిపించే వైశాల్యాన్ని అనుసరించదు. కాలం గడిచేకొద్దీ నిలిచిన తలాల మధ్య ఈ స్పర్శ బలపడుతుంది. జారుతున్న తలాలకు అంత వ్యవధి దొరకదు. నిలిచిన బండ మొండికేయడానికీ, కదిలిన బండ లొంగడానికీ ప్రధానమైన వివరణ ఇది.

4. ప్రయోగం – స్థైతిక ఘర్షణ గుణకం:
కడప, తాడిపత్రి, బేతంచర్ల ప్రాంతాల సున్నపురాతి బండలు రాయలసీమ ఇళ్ళలో నేలగా, అరుగుగా, అటకగా కనిపిస్తాయి. వీటినే నాపబండలు అంటారు. మీటరుకు పైగా పొడవున్న, చదునైన, పలుచని నాపబండ, ఒక చెక్క దిమ్మె, కొలతబద్ద ఉంటే ఈ ప్రయోగం సాధ్యమే. ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు.

బండ ఒక అంచును నేల మీద కదలకుండా ఆనించి, రెండో అంచును నెమ్మదిగా పైకెత్తాలి. బండ బరువైనది గనుక ఇద్దరు పట్టుకొని, కింద ఇటుకలు లేదా పలుచని చెక్కలు పేర్చుకుంటూ పోవడం క్షేమం. దిమ్మె జారడం మొదలుపెట్టిన క్షణంలో ఎత్తడం ఆపాలి. అప్పుడు ఎత్తిన అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో, ఆ అంచు నుంచి నేలమీదికి గీసిన నిలువుగీత అడుగుకూ ఆనించిన అంచుకూ మధ్య ఎంత దూరముందో కొలవాలి. ఎత్తును ఆ అడ్డదూరంతో భాగిస్తే వచ్చే సంఖ్యే స్థైతిక ఘర్షణ గుణకం.

దీనికి కారణం సులభం. వాలు మీద దిమ్మె బరువు రెండు భాగాలుగా విడిపోతుంది. ఒకటి వాలు వెంట కిందికి లాగుతుంది, రెండవది బండకు లంబంగా అదుముతుంది. జారే క్షణంలో మొదటిది గరిష్ఠ స్థైతిక ఘర్షణకు సమానం. రెండింటి నిష్పత్తి వాలు కోణపు టాంజెంటు విలువ. దిమ్మె ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం రెండు భాగాలలోనూ ఉండి కొట్టివేయబడతాయి. అందువల్ల దిమ్మెను తూచవలసిన పని గాని, గురుత్వ త్వరణం విలువ తెలియవలసిన పని గాని లేదు. కోణమాపకం లేకున్నా కొలతబద్ద చాలు.

జారడం 27 డిగ్రీల వద్ద మొదలైతే గుణకం 0.51. ఆ కోణాన్ని ఒక డిగ్రీ తప్పుగా చదివితే గుణకంలో సుమారు 0.02 తేడా వస్తుంది, అంటే నూటికి నాలుగు వంతులకు మించిన దోషం. రెండు దశాంశ స్థానాలకు మించి ఫలితాన్ని రాయడంలో అర్థం లేదన్నది ఇక్కడి నుంచే తెలుస్తుంది.

5. ప్రయోగం – గతిక ఘర్షణ గుణకం:
గతిక ఘర్షణను కొలవడానికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది సమవేగ పద్ధతి. జారుడు మొదలయ్యే కోణం కంటే తక్కువ వాలులో బండను నిలిపి, దిమ్మెను వేలితో మెల్లగా కదిపి వదలాలి. వాలు తక్కువైతే దిమ్మె ఆగిపోతుంది, ఎక్కువైతే వేగం పుంజుకుంటుంది. ఒకానొక వాలులో అది ఒకే వేగంతో సాగుతుంది. ఆ వాలు టాంజెంటే గతిక ఘర్షణ గుణకం. పై ఉదాహరణలోని 0.39 విలువకు ఆ వాలు సుమారు 21 డిగ్రీలు. ఆరు డిగ్రీల ఈ వ్యత్యాసం కంటికి కనిపించేటంతటిది. రెండు ఘర్షణలు వేరన్న సంగతి విద్యార్థికి ఇంతకన్న స్పష్టంగా చూపడం కష్టం.

రెండవది కాలమాన పద్ధతి. వాలును 27 డిగ్రీల వద్దనే ఉంచి, దిమ్మె ఒక మీటరు దూరం జారడానికి పట్టిన కాలాన్ని ఫోనులోని గడియారంతో గుర్తించాలి. దూరానికి రెట్టింపును కాలవర్గంతో భాగిస్తే త్వరణం వస్తుంది. 1.4 సెకన్లు పట్టిందనుకొంటే త్వరణం సెకనుకు సెకనుకు 1.02 మీటర్లు. దీనిని గురుత్వ త్వరణం, వాలు కోణపు కొసైను విలువల లబ్ధంతో భాగించి, వచ్చినదానిని టాంజెంటు నుంచి తీసివేయాలి. కోసిగి ఉన్న అక్షాంశంలో గురుత్వ త్వరణాన్ని 9.78గా తీసుకోవచ్చు. 0.51 నుంచి 0.12 తీసివేస్తే 0.39 మిగులుతుంది. కాలాన్ని సెకనులో పదోవంతు తప్పుగా గుర్తిస్తే ఫలితంలో సుమారు 0.02 తేడా వస్తుంది.

మూడవది సమతలం మీద కప్పీతో చేసే పద్ధతి. ప్రయోగశాలలలో ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువ పొరపాట్లకు ఆస్కారమిచ్చేదీ ఇదే. దిమ్మెకు కట్టిన దారాన్ని కప్పీ మీదుగా కిందికి వేలాడదీసి, చివర పళ్ళెంలో తూకపురాళ్ళను కొద్దికొద్దిగా చేరుస్తారు. దిమ్మె కదిలే క్షణంలో పళ్ళెంతో సహా వేలాడే ద్రవ్యరాశిని దిమ్మె ద్రవ్యరాశితో భాగిస్తే స్థైతిక గుణకం వస్తుంది. కదిలిన తరువాత ఇదే భాగహారాన్ని గతిక గుణకానికీ వాడడం తరచుగా కనిపించే దోషం. కిలోగ్రాము దిమ్మెను 520 గ్రాములు లాగుతూ వేగం పెంచుతున్నప్పుడు ఆ భాగహారం 0.52ను ఇస్తుంది. నిజమైన గుణకం 0.39 అయినప్పుడు ఈ వ్యత్యాసం ఎక్కడిది? వేలాడే ద్రవ్యరాశి కూడా త్వరణంతో దిగుతోంది గనుక దారంలోని తన్యత దాని బరువు కంటే తక్కువ. మిగిలిన భాగం రెండు ద్రవ్యరాశుల వేగాన్ని పెంచడానికి ఖర్చవుతోంది. దిమ్మె సమవేగంతో సాగేటట్లు తూకాన్ని సరిచేసినప్పుడు మాత్రమే ఆ సరళమైన భాగహారం గతిక గుణకానికి చెల్లుతుంది.

6. కొలతలో జాగ్రత్తలు:
ఒకే దిమ్మెను, ఒకే బండ మీద పదిసార్లు పరీక్షించినా పది విలువలు ఒక్కటి కావు. ఇది విద్యార్థి అసమర్థత కాదు, స్థైతిక ఘర్షణ స్వభావమే అటువంటిది. సూక్ష్మమైన కొనల మధ్య స్పర్శ ప్రతిసారీ కొత్తగా ఏర్పడుతుంది. అందువల్ల పది విలువలనూ నమోదు చేసి, సగటుతోపాటు కనిష్ఠ గరిష్ఠ విలువలను కూడా రాయాలి. ప్రయోగ పుస్తకంలో పది వరుసలలోనూ ఒకే సంఖ్య కనిపిస్తే, అది కొలిచినది కాక ఎక్కించినది అని అనుమానించవలసి ఉంటుంది.

ప్రతి పరీక్షకూ ముందు దిమ్మె బండ మీద ఒకే వ్యవధి నిలిచి ఉండాలి. ఒకసారి పది సెకన్లు, మరొకసారి పది నిమిషాలు నిలిపితే కూలుంబ్ గమనించిన కాలప్రభావం ఫలితంలో చేరుతుంది. బండను కుదుపు లేకుండా ఎత్తాలి. చిన్న కుదుపు కూడా దిమ్మెను గరిష్ఠ పరిమితికి ముందే కదిలిస్తుంది. వేసవిలో ఎగిరే దుమ్ము, చేతి చెమట, తలం మీది తేమ గుణకాన్ని మారుస్తాయి గనుక రెండు తలాలనూ పొడి గుడ్డతో ఒకే తీరుగా తుడవాలి. దిమ్మెను వెడల్పు ముఖం మీద ఒకసారి, సన్నని ముఖం మీద ఒకసారి ఉంచి పరీక్షిస్తే వైశాల్యంతో సంబంధం లేదన్న సూత్రాన్ని కూడా సరిచూడవచ్చు. అయితే ఆ రెండు ముఖాలూ ఒకే నునుపుతో ఉండాలి.

దిమ్మె కొన్నిసార్లు జారుతూ, ఆగుతూ, మళ్ళీ జారుతూ పోతుంది. అప్పుడు స్ప్రింగు త్రాసు ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. అక్కడ రెండు ఘర్షణలూ వంతులవారీగా పనిచేస్తున్నాయి. ఊగుడులో సగటును గతిక ఘర్షణగా రాయడం సరికాదు. మరికొంత నిలకడైన వేగంతో లాగి చూడాలి.

7. గిట్ట నిలవాలి, బండ జారాలి:
కొలిచిన ఈ భేదం ఎందుకు ముఖ్యమో తెలియడానికి మళ్ళీ బండలాగుడు వద్దకే రావచ్చు. బండను లాగేది ఎద్దుల కండబలమే అయినా, ఎద్దులను ముందుకు నెట్టేది నేల. గిట్ట నేలను వెనక్కు నెడితే నేల గిట్టను ముందుకు నెడుతుంది. గిట్ట జారకుండా నిలిచినంతసేపు ఇది స్థైతిక ఘర్షణ. ఘర్షణ ఎప్పుడూ చలనాన్ని అడ్డుకుంటుందన్న నిర్వచనం ఇక్కడ చెల్లదు. రెండు తలాల మధ్య సాపేక్ష చలనాన్ని అడ్డుకుంటుందని చెప్పడమే సరైనది. గిట్ట జారకుండా అడ్డుకొన్న ఘర్షణే ఎద్దును నడిపిస్తోంది. పోటీలో గెలుపు గిట్ట కింది స్థైతిక ఘర్షణకూ బండ కింది ఘర్షణకూ మధ్య తేలే లెక్క. ఎంత బలమైన ఎద్దు అయినా గిట్ట జారితే ఆ బలం బండకు చేరదు.

గొలుసు వాలుకు కూడా ఇందులో పాత్ర ఉంది. వెయ్యి కిలోల బండకూ నేలకూ మధ్య స్థైతిక గుణకం 0.7 అనుకొంటే, సమతలంగా లాగి కదిలించడానికి సుమారు 6,850 న్యూటన్ల బలం కావాలి. గొలుసు నేలకు 15 డిగ్రీల వాలుతో కాడికి చేరితే సుమారు 5,970 న్యూటన్లు చాలు. నూటికి పదమూడు వంతుల శ్రమ తగ్గడానికి కారణం, గొలుసు బండను కొంత పైకి కూడా లాగుతూ నేల మీద దాని అదుమును తగ్గించడం. అదే గొలుసు కాడిని కిందికి లాగి గిట్టల అదుమును పెంచుతుంది. జారవలసినది తేలికవుతోంది, నిలవవలసినది బరువెక్కుతోంది.

కోసిగి స్టేషనులో ఆగి బయలుదేరే రైలుకు కూడా ఇదే సూత్రం. దొర్లే చక్రంలో పట్టాను తాకే బిందువు ఆ క్షణంలో పట్టా మీద జారదు. ఇంజనును ముందుకు నడిపేది స్థైతిక ఘర్షణ. చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగితే ఘర్షణ గతికానికి పడిపోయి, లాగే శక్తి మరింత తగ్గుతుంది. పట్టాలు తడిసినప్పుడు ఇంజను చక్రాల ముందు ఇసుక చల్లే ఏర్పాటు ఇందుకే. వాహనాలలో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ కూడా టైరును జారకుండా ఉంచి స్థైతిక ఘర్షణను కాపాడుకోవడానికి ఏర్పడినదే.

8. పదాల పొందిక:
ఘర్షణ అన్నది సంస్కృత పదం. ‘ఘృష్’ ధాతువుకు రుద్దడం, రాచడం అని అర్థం. తెలుగులోని రాపిడి, ఒరపిడి పదాలలో కూడా ఉన్నది రాయడం, ఒరయడం అనే క్రియలే. బంగారాన్ని ఒరసి చూసే రాయి గనుక అది ఒరగల్లు. అంటే ఈ మూడు పదాలూ చలనాన్ని సూచిస్తాయి. రాపిడి జరగాలంటే ఒకటి మరొకదాని మీద కదలాలి. ఈ నేపథ్యంలో ‘స్థైతిక ఘర్షణ’ అన్న పదబంధం తెలుగు చెవికి విరోధంగా తోస్తుంది. కదలనిచోట రాపిడి ఏమిటన్న సందేహం సహజం. నిలిచి ఉన్న బండ మీద ఘర్షణ లేదని విద్యార్థి రాస్తే, ఆ తప్పులో పదం వంతు కూడా ఉంది.

రెండవ చిక్కు ‘స్థిర’ శబ్దంతో వస్తుంది. స్థైతిక ఘర్షణను వాడుకలో స్థిర ఘర్షణ అని కూడా అంటారు. తెలుగులో స్థిరం అంటే కదలనిది, మారనిది అని రెండర్థాలు. గణితంలో స్థిరాంకం అంటే మారని విలువ. స్థిర ఘర్షణను మారని ఘర్షణగా అర్థం చేసుకొంటే భావన పూర్తిగా తలకిందులవుతుంది. నిజానికి సున్న నుంచి గరిష్ఠం వరకు మారేది స్థిర ఘర్షణ, దాదాపు మారనిది గతిక ఘర్షణ. కాబట్టి శాస్త్రబోధనలో ‘స్థిర ఘర్షణ’ కంటే ‘స్థైతిక ఘర్షణ’ మేలైన ప్రయోగం. పాఠశాల పుస్తకాలలోని ‘జారుడు ఘర్షణ’, ‘దొర్లుడు ఘర్షణ’ పదాలు వాటి క్రియలవల్లనే అర్థమవుతాయి. ఆ వరుసలో అర్థం మూసుకొని ఉన్నది స్థైతిక ఘర్షణ ఒక్కటే.

దీనికి దీటైన మాట ప్రజల వ్యవహారంలో ఉంది. అది ‘పట్టు’. బురదలో చక్రానికి పట్టు లేదనీ, నున్నని బండ మీద కాలికి పట్టు దొరకలేదనీ, పట్టు తప్పి జారాడనీ అనడం నిత్యవ్యవహారం. ఈ ప్రయోగాలన్నింటిలో పట్టు అంటే జారకుండా నిలిపే శక్తి, అంటే స్థైతిక ఘర్షణే. ‘పట్టు తప్పడం’ గరిష్ఠ పరిమితిని దాటిన క్షణానికి సరిగ్గా సరిపోతుంది. పట్టుకు అవధి ఉంటుందన్న భావం ఆ నుడికారంలోనే ఉంది. ఎంత లాగితే అంత బిగిసే గుణం కూడా ఆ పదంలో ధ్వనిస్తుంది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు అవసరమైన శాస్త్ర పరిభాషను, పాఠ్యగ్రంథాలను అందించింది. ఆ పరిభాషను తొలగించి వ్యవహార పదాన్ని నిలపాలన్నది ఇక్కడి ప్రతిపాదన కాదు. పారిభాషిక పదానికి ఏకరూపత అవసరం, గుణకం, బలం వంటి పదాలతో సమాసం చెందే సౌలభ్యమూ అవసరం. ఆ రెండూ స్థైతిక ఘర్షణకు ఉన్నాయి. భావనను పరిచయం చేసే తొలి దశలో ‘పట్టు’ అనే మాటతో మొదలుపెట్టి, ప్రయోగం పూర్తయ్యాక ‘ఈ పట్టునే శాస్త్రంలో స్థైతిక ఘర్షణ అంటారు’ అని ముడిపెట్టడం బోధనకు మేలు చేస్తుంది. తెలుగు, ఇంగ్లీషు పాఠాలు ఎదురెదురు పుటలలో ఉండే ద్విభాషా పుస్తకాల కాలంలో ఈ అవసరం ఇంకా పెరిగింది. రెండు పుటలలోనూ అపరిచిత పదమే ఎదురైతే, రెండు భాషలలోనూ కంఠస్థమే మిగులుతుంది.

ముగింపు:
1. స్థైతిక ఘర్షణ ఒకే విలువ గల బలం కాదు. అది సున్న నుంచి ఒక గరిష్ఠం వరకు అవసరాన్ని బట్టి మారుతుంది. ప్రయోగంలో కొలిచేది ఆ గరిష్ఠాన్ని మాత్రమే.
2. గతిక ఘర్షణను కొలిచేటప్పుడు సమవేగం ఉందో త్వరణం ఉందో ముందుగా నిర్ధారించుకోవాలి. కప్పీ పద్ధతిలోని ప్రధాన దోషానికి మూలం ఇక్కడే ఉంది.
3. ఒక నాపబండ, చెక్క దిమ్మె, కొలతబద్దలతో రెండు గుణకాలనూ తరగతి గదిలోనే కొలవవచ్చు. విలువల మధ్య కనిపించే చెదురును దాచకుండా నమోదు చేయడం కొలతలో భాగం.
4. ఘర్షణ, రాపిడి, ఒరపిడి పదాలు చలనాన్ని సూచించడం వల్లా, ‘స్థిర’ శబ్దానికి రెండర్థాలు ఉండడం వల్లా స్థైతిక ఘర్షణ భావన మసకబారుతోంది. ‘పట్టు’ అనే వ్యవహార పదం ఈ లోటును బోధనలో పూరించగలదు.

వలస నుంచి తిరిగివచ్చిన విద్యార్థికి తప్పిపోయిన ప్రయోగాన్ని మళ్ళీ చేయించడానికి ప్రత్యేకమైన ప్రయోగశాల అవసరం లేదు. బడి అరుగు మీది నాపబండ చాలు. బండ ఎందుకు మొండికేస్తుందో ఆ విద్యార్థికి ఇంట్లోనే తెలుసు. అది ఎంత మొండికేస్తుందో సంఖ్యలో చెప్పడం నేర్పితే పాఠం పూర్తవుతుంది.